కాలువ కట్టేశారా అమ్మాయ్: ఒక ఉచిత స్ప్లాష్ ప్యాడ్ కేస్ స్టడీ

జులై నెల, మంగళవారం, పొద్దున్న పదకొండున్నర. ఉత్తర టెక్సాస్‌లో ఆ వేళకే సిమెంటు మీద వట్టికాళ్లతో నిలబడలేం. డాలస్ చుట్టుపక్కల ఉన్న ఊళ్లలో ఒకదాని పార్కుల శాఖలో నా ఉద్యోగం. పిల్లలు ఆడుకునే నీళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడటం, పంపులూ ఫిల్టర్లూ నడిపించడం నా పని. ఆ రోజు చివరి సైటు దగ్గర వ్యాను దిగుతూ ఫోన్లో మా అక్కతో మాట్లాడుతున్నాను. ఎండిపోయిన స్ప్లాష్ ప్యాడ్ (పిల్లలు నీళ్లలో ఆడుకునే గచ్చు) పక్కన బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ కొంగు పట్టుకుని ఐదేళ్ల మనవడు. నా తెలుగు చెవిన పడగానే లేచి వచ్చింది.

"కాలువ కట్టేశారా అమ్మాయ్?"

గోదావరి డెల్టాలో పెరిగినదాన్ని కాబట్టి నవ్వొచ్చింది. మా వైపు ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీయాలి, లాకులు బాగు చేయాలి, గట్లు కట్టాలి. మళ్లీ జూన్‌లో వదులుతారు. అంటే సెలవులున్నన్నాళ్లూ కాలువలో బురద, బడి తెరిచే వేళకి నిండా నీళ్లు. మా చిన్నతనంలో దీన్ని మించిన అన్యాయం లేదనిపించేది.

"లేదు పిన్నిగారూ, టెస్టు చేసి వదులుతాను. ఒక్క అరగంట."

"నిన్నా ఇదే బోర్డు, మొన్నా ఇదే బోర్డు. వీడు తొమ్మిదింటికే గోల పెడితే తీసుకొస్తున్నాను. పన్నెండు దాకా చూసి, ఎండదెబ్బ తగుల్తుందని ఇంటికి పోతున్నాం. మేం వెళ్లాక వదుల్తారు కాబోలు."

నిజమే, ఆవిడ వెళ్లాకే వదులుతున్నాను. ఈ కేసు రాయడానికి కారణం ఆ మాట.

ఆ పార్కు సంగతి

ఊరికి తూర్పున, పాత అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న పార్కు అది. ఒకప్పుడు అక్కడ మోకాలి లోతు కొలను ఉండేది. అది కారడం మొదలైంది, దాని దగ్గర నిలబడే లైఫ్‌గార్డులు దొరకడం కష్టమైంది, చివరికి మూసేశారు. ఆ చోట స్ప్లాష్ ప్యాడ్ వేశారు. చూడనివాళ్ల కోసం: చదునైన కాంక్రీటు గచ్చు, అందులోంచి పైకి చిమ్మే నాజిళ్లు, నెత్తిన బోర్లపడే బకెట్లు, వంగిన గొట్టాలు. నీళ్లు ఎక్కడా నిలవవు కాబట్టి మునిగే భయం తక్కువ. లైఫ్‌గార్డు ఉండక్కర్లేదు కాబట్టి జీతం మిగులుతుంది. టికెట్ లేదు, గేటు లేదు. అమెరికా పురపాలకులకి ఇది ఇంతగా నచ్చడానికి సగం కారణం ఆ జీతం మిగులే అని నా అభిప్రాయం.

ఊరికి పడమర వైపు కొత్త ఇళ్లు. అక్కడ కాలనీకో కొలను ఉంటుంది, కార్డు గీకితేనే గేటు తెరుచుకుంటుంది. మా తెలుగువాళ్లు ఎక్కువమంది ఉండేది అటే. తూర్పున స్పానిష్ మాట్లాడే కుటుంబాలు ఎక్కువ. కొత్తగా దిగిన తెలుగు జంటలు కొందరు, ఆర్నెల్లు మనవల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మలూ నానమ్మలూ కొందరు. ఆ అపార్ట్‌మెంట్లలో చాలావాటిలో ఒకప్పుడు కొలను ఉండేది. ఇప్పుడు కొన్నిటికి గొలుసు వేసి ఉంది, కొన్నిటిలో మట్టి పోసి గడ్డి పెంచారు.

కొలనులో మట్టి పోయడానికి ఈ దేశంలో వేరే చరిత్ర కూడా ఉంది. నల్లజాతి పిల్లల్ని తెల్లవాళ్ల కొలనుల్లోకి రానివ్వాలని కోర్టులు చెప్పడం మొదలుపెట్టాక, దక్షిణాదిలో ఎన్నో ఊళ్లు కలిసి ఈదడం కంటే అందరికీ మూసేయడమే నయమనుకున్నాయి. మిసిసిపీలోని జాక్సన్ నగరం అలాగే తన కొలనుల్ని మూసేసింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1971లో పామర్ వర్సెస్ థాంప్సన్ కేసులో 5-4 తేడాతో నగరమే గెలిచింది. అందరికీ మూసేశారు కనుక వివక్ష లేదని తీర్పు. ఇంకోపక్క ఊరి కొలనుల్లోంచి డబ్బున్నవాళ్లు క్లబ్బులకీ పెరటి కొలనులకీ తరలిపోయారు. ఆ నేపథ్యంలో, ఏ కార్డూ అడగని చోట నీళ్లు దొరకడం చిన్న విషయం కాదు.

టెస్టు ఎందుకు చేయాలి, చేయకుండా ఎందుకు వదలకూడదు

"ఓ పది నిమిషాలు ముందే వదిలేస్తే ఏం పోతుందమ్మా" అని పెద్దావిడ అడిగింది. ఆవిడే కాదు, మా ఆఫీసులో బడ్జెట్ చూసేవాళ్లూ అడుగుతారు. అందుకే ఈ భాగం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మా తూర్పు పార్కులో నీళ్లు తిరిగి తిరిగి వస్తాయి. గచ్చు మీద పడ్డ నీళ్లు జాలీలోంచి భూమిలోని సంపులోకి జారతాయి. అక్కణ్ణుంచి పంపు వాటిని ఫిల్టర్‌కి, అల్ట్రావయొలెట్ దీపానికి తోస్తుంది. తర్వాత క్లోరిన్ కలిసి మళ్లీ నాజిల్‌కి వస్తాయి. నీళ్లు ఆదా అవుతాయి. కానీ పిల్లల ఒంటి మీంచి, డైపర్లోంచి, కాళ్ల మట్టిలోంచి వచ్చిన ప్రతిదీ ఆ సంపులోకే చేరుతుంది. ఈతకొలనులో నీళ్లు లక్షల లీటర్లుంటాయి, మా సంపులో అందులో చిన్న పాలు. గుప్పెడు ఉప్పు గంగాళంలో పడితే తెలియదు, గ్లాసులో పడితే నోట పెట్టలేం. పైగా నీళ్లు తుంపరగా గాల్లోకి లేచినప్పుడు క్లోరిన్ ఎగిరిపోతుంది, మిగిలింది ఎండకి విరిగిపోతుంది. పొద్దున్న సరిగ్గా ఉన్న రీడింగు, ఓ బస్సు నిండా పిల్లలు దిగాక మధ్యాహ్నానికి పడిపోయి ఉంటుంది.

క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఉంది. మామూలు ఈ.కోలై బాక్టీరియా 1 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒక పాలు) క్లోరిన్‌కి నిమిషం లోపే చస్తుంది. క్రిప్టోకి గట్టి పెంకు ఉంటుంది. అదే 1 పీపీఎంలో పది రోజులకు పైగా, లెక్కగా 10.6 రోజులు బతుకుతుంది. విరేచనాలు అవుతున్న ఒక్క పిల్లాడు చాలు. 2005 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రం సెనెకా లేక్ స్టేట్ పార్కులో ఇదే జరిగింది. స్ప్లాష్ ప్యాడ్ నీళ్లే కారణంగా వేలమందికి కడుపు జబ్బు చేసింది. ఆ తర్వాతే ఆ రాష్ట్రం ఇలాంటి చోట్ల అల్ట్రావయొలెట్ దీపాన్ని తప్పనిసరి చేసింది. 1997 నుంచి 2022 వరకు అమెరికాలో స్ప్లాష్ ప్యాడ్‌ల నుంచి 60 సార్లు జబ్బులు వ్యాపించాయని, 10,611 మంది జబ్బుపడ్డారని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్కగట్టింది. అందులో 91 శాతం మంది క్రిప్టో బాధితులే.

మాకు ఇంకా దగ్గర్లో జరిగింది 2021లో. డాలస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ మధ్య ఉన్న ఆర్లింగ్టన్‌లో ఊరి స్ప్లాష్ ప్యాడ్‌లో ఆడుకున్న పసివాడు నెగ్లేరియా అమీబా సోకి చనిపోయాడు. కేరళలో చెరువుల్లో స్నానం చేసిన పిల్లలకి వచ్చిందని 2024లో మన టీవీల్లో చెప్పిన మెదడు జబ్బును తెచ్చేది ఈ అమీబానే. ముక్కులోంచి వెళ్తుంది, వెచ్చటి మంచినీళ్లలో బతుకుతుంది, సరైన క్లోరిన్ ఉంటే చస్తుంది. రోజూ తెరిచే ముందు చేయాల్సిన పరీక్షలు కొన్ని రోజులు చేయలేదనీ, కొన్ని రోజులు రాయలేదనీ ఆ నగరమే తన సమీక్షలో బయటపెట్టింది. ఆ ఏడాదికి అక్కడి ప్యాడ్‌లన్నీ మూసేశారు. ఆ వార్త వచ్చిన వారం మా షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. నేను ఇంటికెళ్లి మా వాడి పక్కన పడుకున్నాను.

ఆ తర్వాత మా నియమం ఒక్కటే: రీడింగు లాగ్ బుక్కులో పడేదాకా వాల్వు తిప్పకూడదు. ఇప్పటికీ దాని మీద నాకు రెండో ఆలోచన లేదు.

లాగ్ బుక్కు

పెద్దావిడ అడిగిన రాత్రి అన్ని సైట్ల లాగ్ బుక్కులూ ఇంటికి తెచ్చుకుని, టీ పెట్టుకుని కూర్చున్నాను. అన్నిటిలోనూ అంకెలు సరిగ్గా ఉన్నాయి. నీళ్ల ఆమ్లగుణం చెప్పే పీహెచ్ 7.2కీ 7.8కీ మధ్యే. క్లోరిన్ ఉండాల్సినంత. తనిఖీకి ఎవరొచ్చినా తప్పు పట్టలేరు. కానీ అంకెల పక్కన 'సమయం' అనే గడి ఒకటుంది. దాన్ని ఎప్పుడూ ఎవరూ చదవలేదు, నాతో సహా. పడమటి సైట్లలో 8:10, 8:40, 9:05 అని ఉంటే, తూర్పు పార్కులో 11:35, 11:50, 12:20 అని ఉంది. కొన్ని రోజులు ఒంటిగంట.

ఆలస్యానికి కారణాలు రెండు దొరికాయి.

మొదటిది టైమరు. ఎప్పుడో ఎవరో కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రిపూట పంపు ఆగేలా పెట్టారు. పంపు ఆగితే నీళ్లు కదలవు. ఫిల్టర్, దీపం, క్లోరిన్ ఏదీ పని చేయదు. రాత్రంతా సంపు మురుగుతూ ఉంటుంది. పొద్దున్న నేను వెళ్లేసరికి క్లోరిన్ దాదాపు సున్నా. దాన్ని పెంచి, నీళ్లు తిరగనిచ్చి, మళ్లీ కొలిచేసరికి గంట గడిచిపోతుంది. 2021లో కాన్సాస్‌లోని ఒక జంతు ప్రదర్శనశాల స్ప్లాష్ ప్యాడ్‌లో షిగెల్లా, నోరోవైరస్ అనే కడుపు జబ్బు క్రిములు రెండూ వ్యాపించినప్పుడు, అక్కడా ఆట ముగిశాక నీళ్లు శుద్ధి కాకుండా రాత్రంతా సంపులోనే నిలిచిపోయేవని తేలింది. ఆ నివేదిక నేను చదివాను. చదివి కూడా మా టైమరు చూసుకోలేదు.

రెండోది రూట్ షీటు. ఉదయం వ్యాను ఏ సైటు నుంచి ఏ సైటుకి వెళ్లాలో రాసిన కాగితం. అది రాసింది నేనే. మా షెడ్డు ఊరికి పడమర చివర ఉంది కాబట్టి దగ్గరవి ముందు, దూరమైనది చివర అని రాశాను. పెట్రోలు కలిసొస్తుంది, ట్రాఫిక్ తగ్గాక ఊరు దాటొచ్చు. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. మనసులో ఎవరి మీదా చిన్నచూపు లేకుండానే, ఎవరికైతే ఇంకో దారి లేదో వాళ్ల పిల్లల్ని రోజూ మూడు గంటలు ఎండలో నిలబెట్టాను. పడమటివాళ్లకి నీళ్లు పావుగంట ఆలస్యమైతే నాకు ఫోనొస్తుంది. తూర్పు నుంచి ఒక్క ఫోనూ రాలేదు. ఫోను రాకపోతే అంతా బాగున్నట్టే లెక్క వేసుకున్నాను.

టికెట్ లేదు కాబట్టి అందరికీ అందుతోంది అని మా వార్షిక నివేదికలో రాస్తూ వచ్చాం. ఎన్ని ప్యాడ్‌లు ఉన్నాయో రాశాం. ఒక్కోటి ఎన్ని గంటలు నడిచిందో రాయలేదు.

మరుగుదొడ్డి

దీనికి వేరే శీర్షిక పెట్టడం చాలామందికి విచిత్రంగా ఉండొచ్చు. నన్నడిగితే ఈ కేసు మొత్తంలో ముఖ్యమైనది ఇదే.

ఆ పార్కులో మరుగుదొడ్డి ఉంది, తలుపుకి తాళం ఉంది. ఎవరో ఒకసారి లోపల పగలగొట్టారని తాళం వేశారు. తాళంచెవి వేరే విభాగం దగ్గర. వాళ్లు వచ్చేది పదింటి తర్వాత, కొన్ని రోజులు రారు. తల్లులు డైపర్లు బెంచీ మీదే మారుస్తున్నారు. నాలుగేళ్ల పిల్లాడికి వస్తే ఎక్కడికి తీసుకెళ్తారు? కాళ్ల కింద చల్లటి నీళ్లు పారుతుంటే పిల్లలకి ఆగుతుందా? ఆ నీళ్లే పక్క పిల్ల నోట్లో పడతాయి. పిల్లలు నాజిల్ దగ్గర నోరు తెరవకుండా ఆపడం ఎవరి తరమూ కాదు, నాజిల్ మీద కూర్చోకుండా ఆపడం అంతకన్నా కాదు.

గట్టి మలం పడితే క్లోరిన్ 2 పీపీఎంకి తెచ్చి 25 నిమిషాలు ఆగాలి. విరేచనమైతే 20 పీపీఎంలో 12 గంటల 45 నిమిషాలు. ఆ రోజుకి ఆట ముగిసినట్టే. లాగ్ బుక్కులో మా తూర్పు పార్కు పూర్తిగా మూసిన రోజులు తీసి చూస్తే ఎక్కువ అలాంటివే. అంటే మేం వేసిన తాళమే మా ప్యాడ్‌ని మూయించింది. అక్కడికొచ్చేవాళ్లకి శుభ్రత తెలియదని మా వాళ్లలో ఒకరు అన్నారు. తాళం పడమటి పార్కులో వేసి చూద్దాం, ఎవరికి ఎంత శుభ్రత తెలుసో తేలుతుంది అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

ఏం మార్చాం

టైమరు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ఇప్పుడు రాత్రంతా పంపు నడుస్తుంది. కరెంటు బిల్లు పెరిగింది, దాని గురించి ఒక మీటింగు కూడా జరిగింది. పొద్దున్నే క్లోరిన్ ఉండాల్సిన చోటే ఉంటోంది.

రూట్ షీటు తిరగేశాను. తూర్పు పార్కు మొదట, ఎనిమిదింటికి. మరుగుదొడ్డి తాళంచెవికి నకలు తీసి మా వ్యానులోనే పెట్టుకున్నాం. ఈ ఒక్క తాళంచెవి కోసం నాలుగు ఈమెయిళ్లు, రెండు సంతకాలు. పాత బోర్డు మీద ఇంగ్లీషు, స్పానిష్ పేరాలు ఉండేవి. ఆ రెండూ రాని నానమ్మలు ఉన్నారు కాబట్టి బొమ్మలు వేయించాం: కడుపు పట్టుకున్న పిల్లాడి మీద అడ్డగీత, నీళ్లు తాగుతున్న నోటి మీద అడ్డగీత, డైపరు మార్చే బల్ల వైపు బాణం. బెంచీల మీద తెరచాప గుడ్డతో నీడ వేయించడానికి మాత్రం మరుసటి ఏడాది దాకా ఆగాల్సి వచ్చింది. నీడ లేకపోతే పిల్లాడు ఆడతాడు గానీ, తీసుకొచ్చిన ముసలావిడ కూర్చోలేదు. ఆవిడ కూర్చోలేకపోతే పిల్లాడు రాడు.

గ్రంథాలయం పక్కన ఇంకో చిన్న ప్యాడ్ వేయాలన్న ప్రతిపాదన అప్పుడే వచ్చింది. అందులో నీళ్లు తిరిగి వాడాలా, ఒక్కసారి వాడి వదిలేయాలా అన్న దగ్గర మాకూ నీటి శాఖకీ పేచీ. ఊరి మంచినీళ్లు నేరుగా నాజిల్‌కి వచ్చి కాలువలోకి పోతే సంపు అక్కర్లేదు, దీపం అక్కర్లేదు. మురికి మళ్లీ తిరిగి రాదు కాబట్టి రీడింగు కోసం ఆగే ఆలస్యం ఉండదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుస్తుంది. కానీ నీళ్లు? లెక్క కోసం, ఒక్కో నాజిల్ నిమిషానికి 5 గ్యాలన్లు, 20 నాజిళ్లు అనుకోండి. గంటకి 6,000 గ్యాలన్లు. రోజుకి 8 గంటలు ఆగకుండా నడిస్తే 48,000 గ్యాలన్లు, అంటే 1,80,000 లీటర్లు పైమాటే. హైదరాబాదులో 5,000 లీటర్ల ట్యాంకరు కోసం ఎదురుచూసినవాళ్లకి ఇది 36 ట్యాంకర్లు. మన కళ్ల ముందు ఇన్ని నీళ్లు పారిపోతుంటే నాకూ చేతులు రావు. 2011లో టెక్సాస్ చరిత్రలోనే అంత ఎండిన ఏడాది లేదు. ఆ కరువు చూసిన ఊళ్లలో ఇలాంటి ప్యాడ్ అడిగితే నీటి శాఖవాళ్లు మొహం చిట్లించడంలో తప్పులేదు.

చివరికి కుదిరిన ఒప్పందం: నాజిళ్లు తగ్గించాం. స్తంభానికి తాకితే పనిచేసే మీట పెట్టాం, కొద్ది నిమిషాలు నీళ్లొచ్చి ఆగిపోతాయి. పిల్లలు లేకపోతే చుక్క కూడా పారదు. పారిన నీళ్లు చెట్ల వరస పక్కన తవ్విన కందకంలోకి వెళ్తాయి. కరువు ఆంక్షలు పెరిగితే మాత్రం ముందు ఆగేది ఇదే. ఆ షరతు తీసేయమని అడిగాను, ఒప్పుకోలేదు. రోజూ ఆలస్యంగా తెరుచుకునే ప్యాడ్ ఒకటి, కరువొస్తే పూర్తిగా ఆగిపోయేది ఒకటి. రెండిటిలో ఏది నయమో నేనింకా తేల్చుకోలేదు.

ఇంత ఖర్చు లేకుండా

చికాగో మిలీనియం పార్కులో 2004లో తెరిచిన క్రౌన్ ఫౌంటెన్ చూశాను. 50 అడుగుల గాజు ఇటుకల స్తంభాలు రెండు, వాటి మీద వెయ్యిమంది నగరవాసుల మొహాలు, ఆ నోళ్లలోంచి ధారగా నీళ్లు. కింద పాదం కూడా మునగనంత పల్చటి నీటి పొర. శిల్పమని పెట్టారు, పిల్లలు స్నానఘట్టం చేసుకున్నారు. అంత డబ్బు మాలాంటి ఊళ్ల దగ్గర ఉండదు.

నాకు ఎక్కువ నచ్చింది న్యూయార్క్ పద్ధతి. వీధిలో అగ్నిమాపక కుళాయి ఊరికే విప్పితే నిమిషానికి 1,000 గ్యాలన్లకు పైగా పోతాయి, ఆ ధాటికి పిల్లలు కొట్టుకుపోతారు కూడా. అందుకని పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లెవరైనా దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌కి వెళ్లి అడిగితే, చిల్లుల మూత బిగించి ఇస్తారు, ఉచితంగా. దాంతో నిమిషానికి 20 నుంచి 25 గ్యాలన్లే వస్తాయి. సంపు లేదు, రూట్ షీటు లేదు. వీధికే నీళ్లొస్తాయి.

మన ప్రాంతంలో ఒక మున్సిపాలిటీలో ఇంజనీరుగా ఉన్న నా క్లాస్‌మేట్ ఒకడు ఈ ఫోటోలు చూసి, మా పార్కులోనూ ఒకటి పెట్టిద్దామా అని అడిగాడు. మన దగ్గర పార్కు ఫౌంటెన్‌కి చుట్టూ ఇనుప కంచె ఉంటుంది. వానపాట పెట్టి జల్లు కురిపించే చోటుకి రిసార్టు టికెట్ కొనాలి. కొనలేని పిల్లలు ఎండాకాలం బావుల్లోకి, క్వారీ గుంటల్లోకి దూకుతున్నారు. ఆ వార్తలు ప్రతి మే నెలలోనూ జిల్లా పేజీల్లో చూస్తాం. వాడికి నేను చెప్పింది ఇంతే: సంపు, దీపం జోలికి పోకు, రోజూ కొలిచే మనిషిని నువ్వు నిలబెట్టుకోలేవు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి క్లోరిన్ కలిసిన మంచినీళ్లు, పిల్లాడు తొక్కితే వచ్చి వదిలేస్తే ఆగే మీట, జారని గచ్చు, నీళ్లు కొబ్బరి మొక్కలకి. పక్కనే తాళం లేని మరుగుదొడ్డి. ఎస్టిమేట్‌లో అన్నీ రాశాడట, మరుగుదొడ్డి ఒక్కటి మాత్రం పైవాళ్లు కొట్టేశారట.

పెద్దావిడ సెప్టెంబరులో ఇండియా వెళ్లిపోయింది. వెళ్లే ముందు వారం వరసగా ఐదు రోజులు తొమ్మిదింటికల్లా వాళ్లిద్దరూ అక్కడ ఉన్నారు. మనవడు మధ్య నాజిల్ మీద అరికాలు పెట్టి నీళ్లు ఆపడం, తీయడం, మళ్లీ ఆపడం. రూట్ షీటు తిరగేసిన రెండో రోజే పడమటి వైపు నుంచి నాకు ఫోనొచ్చింది. తొమ్మిదైంది, ఇంకా నీళ్లు రాలేదేమిటని. పదకొండింటికి వస్తానని చెప్పాను.